మాటల మూట: కత్తా? కొమ్మా?

పేరు పెట్టేవాడికి అది ఒక్క క్షణం పని. మోసేవాడికి మాత్రం జీవితమంతా మోత. మనుషుల సంగతైతే ఫరవాలేదు. ముక్కోపికి శాంతమూర్తి అని పేరుంటే ఊళ్లోవాళ్లు నాలుగు రోజులు నవ్వుకుని ఊరుకుంటారు. సాధువైన మనిషికి ఉగ్రనరసింహం అని పేరున్నా, నాలుగు మాటలు మాట్లాడేసరికి అసలు సంగతి తెలిసిపోతుంది. నోరులేని జీవాలకు ఆ అవకాశం లేదు. వాటికి మనం పెట్టిన పేరే సాక్ష్యం, పేరే తీర్పు. పాము, తేలు, నక్క, గుడ్లగూబ — వీటి పేర్లను మనం తిట్లకింద వాడుకుంటున్నామే గాని, వాటి అభిప్రాయం ఏమిటో అడిగినవాళ్లం కాదు.

ఈ వారం అట్లాంటి ఒక పేరు ముచ్చట చెప్పుకుందాం. మోస్తున్నది ఒక చేప.

ఇంగ్లీషువాళ్లు దాన్ని 'స్వోర్డ్ ఫిష్' అన్నారు. నడిసముద్రంలో తిరిగే చేప అది. బాగా ఎదిగితే పధ్నాలుగు అడుగులు దాటుతుంది. 1953 లో చిలీ దేశంలోని ఇకీకే రేవు దగ్గర గాలానికి చిక్కిన ఒక చేప 536 కిలోలు తూగింది. పెద్దయిన తర్వాత దీని నోట్లో పళ్లుండవు, ఒంటిమీద పొలుసులుండవు, చాలా చేపలకు పొట్టకింద ఉండే రెక్కల జత కూడా ఉండదు. ఇన్ని లేకపోయినా ఉన్నది ఒక్కటే చాలు: పై దవడ ముందుకు సాగి సాగి, బల్లపరుపుగా, రెండంచులా పదునుగా, ఒంటి పొడవులో మూడోవంతు దాకా ఉంటుంది. చూసినవాడు ఎవడైనా ముందు చూసేది దాన్నే. అందుకనే పేరంతా ఆ ముక్కుకే పోయింది.

చేపకు పండితులు పెట్టిన పేరు మరీ తమాషా అయినది. స్వీడన్ దేశపు లినేయస్ అనే మహాశయుడు 1758 లో ప్రాణికోటికంతా రెండేసి మాటల పేర్లు పెట్టుకుంటూ వచ్చి, దీనికి 'జిఫియాస్ గ్లాడియస్' అని పెట్టాడు. గ్రీకులో 'జిఫోస్' అంటే కత్తి. లాటిన్‌లో 'గ్లాడియస్' అన్నా కత్తే. ఇంటిపేరు కత్తి, సొంతపేరు కత్తి! మన బస్తీల్లో 'నడిసెంటరు' అంటూ ఉంటారే, ఆ బాపతు అన్నమాట. ఒక మాట చాలదనుకుని రెండు భాషల్లోనూ అదే మాట చెప్పించాడు పాపం.

ఇతర దేశాలవాళ్లు ఏమన్నారో చూద్దామా? జర్మన్లు 'ష్వేర్ట్ ఫిష్' అన్నారు, కత్తిచేప. ఇటలీవాళ్లు 'పెషె స్పాదా' అన్నారు, కత్తిచేప. ఫ్రెంచివాళ్ల 'ఎస్పదోఁ' కూడా పెద్ద కత్తి అనే మాటలోంచి వచ్చిందే. చైనావాళ్ల పేరుకూ అర్థం కత్తిచేపే. అరబ్బులు 'అబూ సైఫ్' అన్నారు. మాటకు మాట అర్థం చెప్పుకుంటే కత్తికి తండ్రి. మన ధోరణిలో 'కత్తివాడు'. ఇంతమంది ఒకరినొకరు సంప్రదించుకోకుండా ఇట్లా ఏకాభిప్రాయానికి రావడం లోకంలో అరుదు.

కాని ఎక్కడో ఒకచోట తిరకాసు ఉండకపోదు. పోర్చుగల్ వెళ్లి హోటల్లో 'పెయిషె ఎస్పాదా' తెమ్మంటే, పేరుకు కత్తిచేపే గాని, పళ్లెంలోకి వచ్చేది పట్టెడలాగా పొడుగ్గా ఉండే వేరే చేప. అసలుదాన్ని అక్కడ 'ఎస్పదార్త్' అనాలి. స్పెయిన్ చేపల అంగళ్లలో దీనికి 'ఎంపెరదోర్' అనే పేరు కూడా ఉంది, అంటే చక్రవర్తి. జపానువాళ్లు 'మెకజికి' అంటారు. అందులోని 'కజికి' అనే మాట, చుక్కాని చెక్కను పొడిచి చీల్చేది అనే పాత మాటలోంచి వచ్చిందని చెబుతారు. 'మె' అనే దాన్ని కన్ను అనే అక్షరంతో రాసేవాళ్లున్నారు. ఈ కన్ను సంగతి జ్ఞాపకం పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

సరే, కత్తి అని పేరు పెట్టిన తర్వాత ఊరుకుంటారా? కత్తి ఉన్నవాడు ఎవణ్ణో ఒకణ్ణి పొడిచి ఉండాలి గదా! రోమన్ పండితుడు ప్లినీ దాదాపు 1950 ఏళ్ల క్రితం తన గ్రంథంలో, ఆఫ్రికా పడమటి తీరంలో ఈ చేప ఓడలను పొడిచి ముంచేస్తుందని రాసిపెట్టాడు. అంతకు నాలుగు వందల ఏళ్ల ముందువాడైన అరిస్టాటిల్ మాత్రం దీన్ని గురించి వేరే ముచ్చట చెప్పాడు. వేసవి ముదిరినప్పుడు దీని రెక్క దగ్గర ఒక పురుగు పట్టుకుని పీడిస్తుందనీ, ఆ బాధ పడలేక చేప నీళ్లలోంచి పైకి ఎగిరెగిరి పడుతుందనీ ఆయన రాశాడు. ఒకాయన చేపను పేరులోంచి చూశాడు. మరొకాయన చేపనే చూశాడు. ఈ రెండు చూపులకూ ఉన్న తేడా చిన్నది కాదు.

ప్లినీగారి అభియోగం పంథొమ్మిదో శతాబ్దంలో నిజంగానే కోర్టు కెక్కింది. 1864 లో 'డ్రెడ్‌నాట్' అనే ఓడ కొలంబో నుంచి లండన్‌కు బయలుదేరింది. నావికులు దారిలో ఒక కత్తిచేపకు గాలం వేశారు. అది తాడు తెంపుకుని పోయింది. ఆ తర్వాత చూస్తే ఓడలోకి నీళ్లు వస్తున్నాయి. వెనక్కి కొలంబోకు తిప్పి, తర్వాత కొచ్చిన్ తీసుకుపోయి చూస్తే, అడుగున రాగిరేకునూ, దానివెనక పలకనూ తొలుచుకుని అంగుళం వెడల్పున ఒక బెజ్జం! ఇది చేప చేసిన పనేనా, అయితే బీమా డబ్బు ఇవ్వాలా, అక్కర్లేదా అని 1868 లో లండన్ కోర్టులో విచారణ జరిగింది. ప్రఖ్యాత జంతుశాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ అంతటివాడు వచ్చి చేప బలాన్ని గురించి సాక్ష్యం చెప్పాడు. జూరీ ఓడ యజమాని పక్షాన తీర్పు చెప్పింది. ముద్దాయి మాత్రం హాజరు కాలేదు.

వందేళ్ల తర్వాత ఇంకొక సంఘటన. 1967 జూలైలో అమెరికావాళ్ల 'ఆల్విన్' అనే చిన్న జలాంతర్గామి పరిశోధన కోసం వాళ్ల ఆగ్నేయ తీరానికి దూరంగా రెండువేల అడుగుల లోతుకు దిగింది. అడుగునున్న ఒక కత్తిచేప వచ్చి దాన్ని పొడిచింది. ముక్కు పలకల సందులో ఇరుక్కుపోయింది. లాక్కోలేకపోయింది. జలాంతర్గామి తొందర తొందరగా పైకి వచ్చింది, చేప కూడా దాంతోపాటే వచ్చింది. ఆ చేపను వాళ్లు వండుకు తిన్నారు. ఇందులో ఎవరు ఎవరి ఇంటికి వెళ్లారో, ఎవరు ఎవరిని చంపారో చదువరులే ఆలోచించాలి.

నిజానికి ఈ చేపకు ఓడలతో పనేమీ లేదు. చెక్కలో ఇరుక్కున్న ముక్కు విరిగితే నష్టం దానికే. తిండి వేటలో అది కత్తిని వాడేది పొడవడానికి కూడా కాదు. చేపల గుంపులోకి దూసుకుపోయి తలను అటూ ఇటూ విసురుతుంది. ఆ దెబ్బకు చేపలు, కణవాయిలు చిరిగి తెగిపడతాయి. వాటిని మింగుతుంది. బల్లెం లాంటిది కాదు, కొడవలి లాంటి వాడకం అన్నమాట.

అసలు అద్భుతం ముక్కులో లేదు, కంటి వెనక ఉంది. ఈ చేప రాత్రిళ్లు పైనీళ్లలో తిరుగుతుంది, పగలు అయిదారు వందల మీటర్ల లోతుకు దిగిపోతుంది. అక్కడ చీకటి, పైగా కొరికేసే చలి. చల్లని నీళ్లలో చల్లని ఒళ్లున్న చేపకు చూపు మందగిస్తుంది, ఎదటి కదలిక ఆలస్యంగా అందుతుంది. అందుకని ప్రకృతి దీని కంటి దగ్గరి కండరాన్ని ఒక కుంపటిగా మార్చింది. ఆ కండరం ముడుచుకునే పని మానేసి వేడి పుట్టించే పని పెట్టుకుంది. దాంతో మెదడు, కళ్లు మాత్రం చుట్టూ ఉన్న నీళ్లకంటె పది పదిహేను డిగ్రీలు వెచ్చగా ఉంటాయి. అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ కేరీ 1982 లో ఈ రహస్యం బయటపెట్టాడు. ఒళ్లంతా చలిలో పెట్టి కంటికి మాత్రం కుంపటి పెట్టుకున్న ప్రాణి ఇది! జపానువాళ్లలో 'మె' ను కన్నుగా రాసినవాళ్లు, తెలిసి రాసినా తెలియక రాసినా, న్యాయమే చేశారనిపిస్తుంది.

మనిషి పేరు పెట్టి ఊరుకోడు. పెట్టిన పేరును మళ్లీ అప్పు తెచ్చుకుంటాడు. తన కత్తిని చేపకు ఇచ్చాడు, ఆ చేప పేరును తిరిగి తన ఆయుధాలకు పెట్టుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషువాళ్ల దగ్గర 'స్వోర్డ్ ఫిష్' అనే పాతకాలపు జోడురెక్కల విమానం ఉండేది. 1940 నవంబరులో టరంటో రేవులో ఇటలీ నౌకాబలాన్ని దెబ్బతీసింది అదే. 1941 మే నెలలో 'బిస్మార్క్' అనే జర్మన్ మహానౌక చుక్కానిని పాడుచేసి, దాని పరుగు కట్టించింది కూడా అదే. చుక్కానిని చీల్చేది అనే జపాను మాట ఇక్కడ అక్షరాలా నిజమైంది! ఇక వినోదం కావాలంటే, 1932 లో మార్క్స్ సోదరులు నటించిన 'హార్స్ ఫెదర్స్' అనే హాస్యచిత్రంలో ఒక తలుపు తెరవడానికి చెప్పవలసిన రహస్యపు మాట 'స్వోర్డ్ ఫిష్'. ఆకాశం కూడా తప్పించుకోలేదు. దక్షిణాకాశంలో 'దొరాదో' అనే నక్షత్రమండలం ఉంది. దానికి 'జిఫియాస్' అని మరో పేరు కూడా ఉండేది. కెప్లర్ 1627 లో వెలువరించిన పట్టికలలో ఆ పేరే కనిపిస్తుంది. శీతాకాలపు రాత్రి దక్షిణాన తళతళలాడే అగస్త్య నక్షత్రాన్ని మీరు చూసే ఉంటారు. దానికి కుడిచేతివైపు, ఇంకాస్త కిందగా, దిగంతానికి దగ్గర్లో ఉంటుంది ఈ ఆకాశపు చేప. సముద్రాన్ని ఆపోశన పట్టిన మునికి పక్కనే చేపను పెట్టడం పాశ్చాత్యులకు తెలియక చేసిన చమత్కారం.

ఇంత లోకం తిరిగాం, ఇక మన తీరానికి వద్దాం. తెలుగులో ఈ చేపను ఏమనాలి? పుస్తకాలవాళ్లను అడిగితే 'కత్తిచేప' అంటారు. అది ఇంగ్లీషు మాటకు తెలుగు చొక్కా తొడగడమే. మన సముద్రపు ఒడ్డునున్న బెస్తవారిని, జాలరులను అడిగితే మాట వేరే ఉంది. ముక్కు ఇట్లా సూదిగా సాగిన పెద్ద చేపలన్నిటినీ కలిపి వాళ్లు 'కొమ్ముకోనెం' అంటారు. 'కొమ్ముకోనాం' అని కూడా వినిపిస్తుంది. కోనెం అంటే మనం వంజరం అనే చేప. ఒంటి తీరులో కోనెం లాంటిదే, కాకపోతే కొమ్ముంది. అంతే!

చిత్రం చూశారా? యూరపువాళ్లూ, అరబ్బులూ, చైనావాళ్లూ కత్తి చూసిన చోట మనవాళ్లు కొమ్ము చూశారు. ఇది చిన్న తేడా అనుకోకండి. కత్తి ఒకరు చేసేది, ఒకరు పట్టేది. పట్టినవాడికి ఉద్దేశం ఉంటుంది. కొమ్ము ఒంటితోపాటు పెరిగేది. ఆవుకూ ఉంది, మేకకూ ఉంది. కొమ్మున్నంత మాత్రాన ఆవును ఎవరూ హంతకి అనరు; అయినా దాని ముందు నిలబడేటప్పుడు జాగ్రత్తగానే నిలబడతారు. కత్తి అనేసరికి పగ వచ్చింది, కోర్టు వచ్చింది, యుద్ధవిమానం వచ్చింది. కొమ్ము అన్నప్పుడు వచ్చింది జాగ్రత్త ఒక్కటే.

మరో తమాషా. మనం కొమ్మును కత్తి అనకపోలేదు. ఖడ్గమృగం అన్నామా లేదా? ముక్కుమీద కొమ్మున్న ఆ అడవి జంతువుకు సంస్కృతంలో ఉత్త 'ఖడ్గం' అనే పేరు కూడా ఉంది, అమరకోశంలో చూడవచ్చు. అంటే అడవిలో కొమ్మును కత్తి అన్నాం, కడలిలో కత్తిని కొమ్మన్నాం. మొదటిది కోశాలు రాసినవారి మాట. రెండోది వలలు లాగినవారి మాట.

కొమ్మున్న చేప మన పురాణాలకూ కొత్త కాదు. ప్రళయం వచ్చినప్పుడు మనువు తన ఓడను మహామత్స్యం కొమ్ముకు తాడుతో కట్టాడని భారతం అరణ్యపర్వంలో కథ ఉన్నది. ప్లినీ చెప్పిన చేప ఓడను పొడిచి ముంచింది. మన కథలో చేప అదే కొమ్ముతో ఓడను లాగి ఒడ్డుకు చేర్చింది. ఆ చేపా ఈ చేపా ఒకటేనని నేను అనడం లేదు సుమండీ. చూపు ఎట్లాంటిదైతే కథ అట్లాంటిదవుతుందని మాత్రమే అంటున్నాను.

అయితే కొమ్ము అన్నంత మాత్రాన అది ఆటబొమ్మ అయిపోదు. 2022 ఫిబ్రవరిలో విశాఖపట్నం దగ్గర పరవాడ ప్రాంతపు జాలరి ఒకాయన వేటకు వెళ్లి, ఈ జాతిలోదే అయిన నల్లని కొమ్ముకోనెం పొడవడంతో ప్రాణం కోల్పోయాడు. మన పళ్లెంలోకి వచ్చే చేప ముక్క వెనక ఇట్లాంటి సాహసం ఉన్నదని ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం మంచిది. అక్కడివాళ్లు ఆ చేపను 'హంతకి' అని కొత్త పేరుతో పిలవలేదు. కొమ్ముకోనెం అనే అంటున్నారు. దాని స్వభావం వాళ్లకు తెలియక కాదు. తెలిసే ఆ పేరు పెట్టుకున్నారు.

ఇక లెక్క రెండోవైపునుంచి కూడా చూడాలి. మనిషి ఈ చేపను చంపడం నిన్నా మొన్నా మొదలు కాలేదు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలోనే పొలీబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు, ఇటలీకీ సిసిలీకీ మధ్యనున్న మెస్సీనా జలసంధిలో ఈ వేట ఎట్లా జరిగేదో రాశాడు. ఒకడు ఎత్తున నిలబడి చేప జాడ కేకవేసి చెబుతాడు; పడవలో ఒకడు తెడ్డు వేస్తాడు, ఒకడు బల్లెం విసురుతాడు. 1773 లో బ్రైడన్ అనే స్కాట్లండ్ యాత్రికుడు మరో ముచ్చట అచ్చువేయించాడు. అక్కడి జాలరులు ఈ చేప కోసం ఒక గ్రీకు మంత్రం చదువుతారట. పొరపాటున ఇటాలియన్ మాట వినబడిందా, చేప మునిగి మాయమవుతుందట! మాటకున్న మహిమ మీద జాలరులకున్న నమ్మకం చూడండి.

మంత్రాల కాలంలో చేపలు మిగిలాయి. మైళ్ల పొడుగు తాళ్లకు వేలకొద్దీ గాలాలు కట్టి వదిలే కాలం వచ్చిన తర్వాత అట్లాంటిక్ సముద్రంలో ఇవి తరిగిపోయాయి. 1998 లో అమెరికాలోని పేరున్న వంటవాళ్లు చాలామంది కలిసి, ఈ చేపకు కొంచెం ఊపిరి తీసుకోనిద్దామని తమ హోటళ్లలో వండటం మానేశారు. దేశాలు కూడా వేటకు హద్దులు పెట్టుకున్నాయి. 2009 నాటికి ఉత్తర అట్లాంటిక్‌లో చేప మళ్లీ కోలుకుందని ఆ పని చూసే అంతర్జాతీయ సంఘం ప్రకటించింది. మనిషి తలచుకుంటే చెడగొట్టడమే కాదు, బాగుచెయ్యడం కూడా చేతనవుతుందనడానికి ఇదొక సాక్ష్యం.

ఇల్లాళ్లకు పనికివచ్చే మాట ఒకటి చెప్పాలి. ఈ చేప ఒంట్లో పాదరసం పోగుపడుతుంది. బొగ్గు కాల్చినా, కొన్నిరకాల గనుల పనులు చేసినా గాలిలోకీ నీటిలోకీ చేరే పాదరసాన్ని మొదట నలుసంత ప్రాణులు మింగుతాయి. వాటిని చిన్న చేపలు, చిన్నవాటిని పెద్దవి తింటాయి. అందరి పాలూ చివరికి ఈ పెద్దచేపకు చేరుతుంది. అది గర్భంలోని శిశువు మెదడుకు చేటు చేస్తుంది. అందుకని గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు దీన్ని తినవద్దని అమెరికా ఆహార శాఖ హెచ్చరిక చేసింది. చేపలు మానమని కాదు. కవళ్లు, నెత్తళ్లు లాంటి చిన్నచేపలు తినవచ్చు. వాటికి పాదరసం పోగుచేసుకునేంత ఆయుర్దాయం ఉండదు. ముక్కుమీది కత్తి అందరికీ కనిపిస్తుంది. మనం దాని కండలో పెట్టిన కత్తి మాత్రం పైకి కనిపించదు.

చివరగా, పేరు సంగతి. పాఠ్యపుస్తకంలో 'కత్తిచేప' అని చదివిన పూడిమడక పిల్లవాడికో, ఉప్పాడ పిల్లవాడికో, తన తండ్రి పడవలో తెచ్చే కొమ్ముకోనెం దాని వంశంలోదేనని ఎవరు చెప్పాలి? చెప్పకపోతే వాడు ఏమనుకుంటాడు? బడిలో ఉన్నది చదువు, ఇంట్లో ఉన్నది మోటు మాట అనుకుంటాడు. నాలుగు రోజులకు ఇంటిమాట పలకడానికి సిగ్గుపడతాడు. మాట చచ్చిపోవడమంటే ఇదే. దానికి ప్రళయం రానక్కర్లేదు, చిన్న సిగ్గు చాలు. కత్తిచేప అన్న మాటను కొట్టివెయ్యమని నా అభిప్రాయం కాదు. ఉండనివ్వండి, లోకంలో చాలా భాషలతో దానికి చుట్టరికం ఉంది. పక్కనే కొమ్ముకోనెం అని కూడా అచ్చువేస్తే పుస్తకం ఏమీ బరువెక్కదు.

సముద్రపు ఒడ్డుకు సెలవులకు వెళ్లినప్పుడు పిల్లలను గవ్వలు ఏరుకోనివ్వండి, వద్దనకండి. అట్లాగే వల బాగుచేసుకుంటూ కూర్చున్న పెద్దాయన దగ్గరికి తీసుకుపోయి, "తాతా, ఈ చేప పేరేమిటి?" అని అడిగించండి. చెప్పిన పేరు ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో రాసిపెట్టించండి. ఆ పేరు ఇంకా ఏ నిఘంటువుకూ ఎక్కనిది కావచ్చు.